ఫోటో తీసిన ఆయనకు, మరికొందరికి కృతజ్ఞతలు

మెదడు అడుగున పెరిగిన కణితిని ముక్కు గుండా తీసే శస్త్రచికిత్స జరిగి నేటికి 11 రోజులు. ముక్కు లోపల ఇంకా దిమ్మగానే ఉంది. వంగకూడదు, చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. తల ఎత్తుగా పెట్టుకుని, విడతలు విడతలుగా ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. కోలుకున్నాక తీరిగ్గా రాయవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అన్నారు గానీ, అంతదాకా ఆగడం నా వల్ల కాలేదు.

మొన్నామధ్య గుర్తింపు కార్డును పునరుద్ధరించుకోవడానికి కొత్త ఫోటో అవసరమై ఒక స్టూడియోకు వెళ్లాను. కొలత కోసం పాత కార్డు చూపించాను. ఫోటో తీసి కంప్యూటర్ ముందు కూర్చున్న ఆయన చాలాసేపు మాట్లాడకుండా ఉండి, చివరకు "అమ్మా, ఈ కార్డు మీదేనా?" అని అడిగారు. నిజం చెప్పాలంటే నాకు కోపమే వచ్చింది. పదేళ్లు గడిచాయి, వయసు మీద పడదా అన్నాను. "వయసుకు ముఖం జారుతుందమ్మా, చెంపలు పీక్కుపోతాయి. మీ ముఖం జారలేదు, పెరిగింది" అంటూ ముక్కును, కింది దవడను, కనుబొమల మీది ఎముకను తెర మీద ఒక్కొక్కటిగా వేలితో చూపించారు. ఆ తర్వాత ఎంతో తటపటాయిస్తూ, ఉంగరాలు బిగుతయ్యాయా, చెప్పుల సైజు మారిందా అని అడిగారు.

నేను చేతిని బ్యాగు కిందకు లాక్కున్నాను. రెండేళ్ల క్రితం నా ఉంగరం సబ్బు రాసినా రాకపోతే కత్తిరించి తీయించాం. రెండు ముక్కలూ సొరుగులో ఉన్నాయి. చెప్పుల సైజు 6 నుంచి 8కి చేరింది. ఒళ్లు వచ్చిందనుకున్నాం. కింది పళ్ల మధ్య సందు ఏర్పడితే, గొంతు బొంగురు పోతే, చలిలోనూ చెమటలు పడితే, ఒక్కో దానికీ ఒక్కో కారణం నేనే కల్పించి చెప్పుకున్నాను. రోజూ చూసే కళ్లకు ఇంత నెమ్మదైన మార్పు కనబడదు. అందులో నా ఇంటివారి తప్పేమీ లేదు.

తన అన్నగారికి ఇదే జబ్బు వచ్చిందని, పక్క చూపు తగ్గి మనుషులకు, గుమ్మాలకు తగులుకుంటూ నడిచేదాకా ఎవరికీ తెలియలేదని ఆయన చెప్పారు. నా పాత ముఖాన్ని, కొత్త ముఖాన్ని ఒకే పరిమాణంలో, కళ్లు ఒకే గీత మీదకు వచ్చేలా ఒక కాగితం మీద అచ్చు తీసి, కింద రెండు తేదీలూ చేత్తో రాసి, "డాక్టరుగారికి చూపించండి. ఏమీ లేదంటే నన్ను తిట్టుకోండి" అన్నారు. ఆ కాగితానికి డబ్బు తీసుకోలేదు. నేను చూపించలేదు. వారం తర్వాత కార్డు ఫోటోల కోసం వెళ్తే, చూపించారా అని అడిగారు. కాగితం ఎక్కడో పెట్టి మరిచానని అబద్ధమాడాను. ఆయన మారుమాట అనకుండా మరో కాపీ తీసి చేతిలో పెట్టారు. ఆ రెండో కాపీ పట్టుకుని బయటి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నా ఒంటి గురించి నాకు లేని పట్టుదల, ముక్కూ మొహం తెలియని మనిషికి ఎందుకుండాలి?

వ్యాధి పేరు ఎక్రోమెగలీ. మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథిలో, సాధారణంగా క్యాన్సరు కాని, ఒక కణితి పుట్టి, పెరుగుదల హార్మోనును మోతాదుకు మించి విడుదల చేస్తుంది. పెద్దవాళ్లలో ఎముకలు పొడవు పెరిగే వీలు ఉండదు కాబట్టి చేతులు, పాదాలు, దవడ వెడల్పవుతాయి. నా కణితి 14 మిల్లీమీటర్లు. చూపు నరాలను ఆనుకుంది గానీ ఇంకా నొక్కలేదు. ఫోటోల కాగితం చూసిన హార్మోన్ల వైద్యురాలు ముందు నవ్వి, తాను కూడా పాత ఫోటోలే తెమ్మని అడుగుతానని చెప్పి, పెరుగుదల హార్మోను ఎక్కువైందో లేదో తెలిపే ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్ష రాశారు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. అంతకు ముందు మూడేళ్లలో నేను చక్కెరకు ఒకరి దగ్గరకు, రక్తపోటుకు ఒకరి దగ్గరకు, రాత్రిళ్లు అరచేయి తిమ్మిరెక్కుతున్నందుకు ఇంకొకరి దగ్గరకు, గురకకు మరొకరి దగ్గరకు తిరిగాను. నాలుగు ఫైళ్లు, నాలుగు మందుల చీటీలు. ఎవరి వైద్యమూ తప్పు కాదు, కానీ నాలుగూ ఒకే మనిషివని గమనించే తీరిక ఏ బల్ల దగ్గరా లేదు. పియర్ మారీ అనే ఫ్రెంచి వైద్యుడు 1886లోనే పేరు పెట్టిన జబ్బును గుర్తుపట్టడానికి నేను ఫోటో దిగవలసి వచ్చింది. తీరా రక్తపరీక్ష నివేదిక వేరే కౌంటరుకు వెళ్లిపోతే, దాన్ని వెతికి పట్టుకునే పని కూడా మాదే అయింది.

ముక్కు రంధ్రం గుండా కణితిని తీసిన శస్త్రచికిత్స బృందానికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. హార్మోను అదుపులోకి వచ్చిందో లేదో 12 వారాల తర్వాత పరీక్షలో తేలుతుంది. పెరిగిన ఎముక తిరిగి తగ్గదట, అయితే వేళ్ల వాపు అప్పుడే కొంత తీసింది. మావారు, పిల్లలు, అక్క ఎప్పటిలాగే అన్నీ చూసుకున్నారు. మావారు వెళ్లి విషయం చెబితే, స్టూడియో ఆయన మొదట అడిగింది "చూపు బాగుందా?" అనే.

మరిచాను, గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటల పాటు అరగంటకోసారి రక్తం తీస్తున్నప్పుడు కబుర్లతో నా వాంతిని ఆపిన ల్యాబు అబ్బాయికి, రాత్రంతా నేను తాగిన నీళ్లూ పోసిన మూత్రమూ విసుక్కోకుండా కొలిచి రాసిన నర్సమ్మకు, బడిలో నా తరగతులు పంచుకున్న తోటి ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు. ఇంకొకరు కూడా ఉన్నారు: పక్క మంచం పెద్దావిడ. నోటితో గాలి పీల్చి పీల్చి నా పెదవులు ఎండిపోతుంటే, తన సెలైను స్టాండు నెట్టుకుంటూ వచ్చి తడిగుడ్డ అద్దారు. పేరు అడగడం మరిచాను.