ఊడిన అద్దం, లేని అద్దం

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ‘టెర్మినేటర్ 2’ సినిమాలో దొర్లిన తప్పుల మీద వచ్చిన వ్యాసాన్ని మా మనవడు చదివి వినిపించాడు. నేను విజయవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్లుగా లారీలకు అద్దాలు బిగిస్తున్నాను. వాటిలో మొదటి తప్పు మా పనికి సంబంధించింది కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

సినిమాలో వెంటపడే సీను ఒకటుంది. వంతెన గోడ బద్దలు కొట్టుకుని పెద్ద టో ట్రక్కు (చెడిన బండ్లని లాక్కెళ్లే లారీ) కాంక్రీటు కాలవలోకి దూకుతుంది. కింద పడగానే ముందరి అద్దాలు రెండూ ఊడిపోతాయి. తర్వాత చూస్తే మళ్లీ ఉంటాయి. అది తప్పే, కాదనను. కానీ ‘అంత ఎత్తు నుంచి పడితే అద్దం ముక్కలవ్వాలి గానీ పలక పలకంతా ఊడి వస్తుందా’ అని మీ వ్యాసకర్త ఎగతాళి చేశారు. వస్తుందండీ.

పాత లారీల అద్దాన్ని జిగురుతో అంటించరు, రబ్బరు బీడింగులో కూర్చోబెడతారు. బీడింగు గాడి చుట్టూ సన్నతాడు పోసి, సబ్బునీళ్లు రాసి, బయట ఒకడు అరచేత్తో అద్దాన్ని నొక్కుతుంటే లోపల ఇంకొకడు తాడు కొస పట్టుకుని మెల్లగా లాగుతాడు. తాడు వచ్చేకొద్దీ రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కి కూర్చుంటుంది. బోల్టులేమీ ఉండవు, పట్టి ఉంచేది ఆ అంచే. దెబ్బకి క్యాబిన్ కాస్త మెలి తిరిగిందంటే రబ్బరు వదిలేస్తుంది, అద్దం పలకగానే బయటికొచ్చేస్తుంది. పనిలో చేరిన కొత్తలో నేను బిగించిన అద్దం ఒకటి గన్నవరం చేరకముందే స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊడి వైపర్ల మీదికి వాలింది. గీత కూడా పడలేదు. ‘నీకు తాడు లాగడం రాదురా, జీతం లాగడం వచ్చు’ అని మా మేస్త్రి నెల రోజులు దెప్పాడు.

ఇంకో మాట. 2017లో ఈ సినిమాని 3డీలో మళ్లీ విడుదల చేసినప్పుడు దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఈ అద్దాల తేడాని కంప్యూటర్‌లో సరిచేయించాడు. సినిమా మొదట వచ్చిన 1991 నుంచి లెక్కేస్తే 26 ఏళ్లు ఆ అద్దం ఆయన్ని పీకిందన్నమాట! మా పనిలో అంత గడువు ఎవరిస్తారు? నాకైతే పాతదే ఇష్టం. నిజం బండి నిజంగా పడింది, అద్దం నిజంగా ఊడింది, దాచుకోవాల్సిందేముంది? అన్నట్టు అదే వెంటపడే సీనులో క్యాబిన్ టాపు లేచిపోవడం కూడా ముందు అనుకున్నది కాదు. బండి ఎత్తుకి వంతెన కింద పట్టదని తేలాక టాపు ఎగిరిపోయేట్టు కథలోనే కలిపేశారు.

మీ వ్యాసంలో కథ 1991లో జరుగుతుందని రాశారు. పోలీసు కారులోని కంప్యూటర్ తెర మీద సినిమాలోని కుర్రాడు జాన్ పుట్టిన తేదీ 1985 ఫిబ్రవరి, వయసు 10 అని కనిపిస్తుంది. అంటే 1995.

ఇక రెండో అద్దం. నిడివి పెంచిన కాపీలో, జాన్ తల్లి సారా, మనిషి రూపంలో ఉన్న మరమనిషి టెర్మినేటర్‌ని అద్దం ముందు కూర్చోబెట్టి, తల తెరిచి చిప్ తీసే సీనుంది. అది గ్రాఫిక్స్ అని రాశారు. గ్రాఫిక్స్ కాదు, అక్కడ అసలు అద్దమే లేదు! గోడకి కన్నం పెట్టారు. ఇవతల బొమ్మ తల, దాని వెనక సారాగా వేసిన లిండా హామిల్టన్ కవల సోదరి లెస్లీ. అవతల ‘ప్రతిబింబం’లో లిండా, టెర్మినేటర్‌గా వేసిన అసలు ష్వార్జ్‌నెగర్. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరి చెయ్యి కదిలినట్టు ఇంకొకరి చెయ్యి కదిపారు. ఇన్నేళ్లు అద్దాల మధ్య బతికిన నేను కూడా ఎన్నోసార్లు చూసి అద్దమనే నమ్మాను. మనవడు చెప్పాక మళ్లీ పెట్టించుకుని చూశాను, అయినా కనిపెట్టలేకపోయాను.

వాడికి ఒక సందేహం మిగిలిపోయింది. మొదటి భాగంలో, బతికున్న ఒంటిని కప్పుకున్నదైతేనే కాలంలో వెనక్కి వెళ్లగలదని చెప్పారు కదా, మరి ఒళ్లంతా ద్రవలోహమైన విలన్ మరమనిషి టీ-1000 ఎలా వచ్చింది తాతయ్యా అన్నాడు. సినిమాలో దానికి జవాబు లేదు. మీ వ్యాసకర్త దగ్గరుంటే వచ్చే ఆదివారం రాయమనండి.

– అద్దాల మేస్త్రి, ఆటోనగర్, విజయవాడ