ప్రజాప్రతినిధుల ముందుకు డిగ్రీ విద్యార్థుల పరిశోధనలు: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

ఈ ఏడాది రక్తదాన శిబిరం, వేసవి చలివేంద్రాలు, పదో తరగతి పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తున్నారు. ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని తొలిసారిగా తలపెట్టిన ఒక కార్యక్రమానికి కేటాయిస్తున్నాము. ప్రకాశం జిల్లాలోని డిగ్రీ విద్యార్థులు తాము స్వయంగా చేసిన పరిశోధనలను గత డిసెంబరులో ఒంగోలులో ప్రజాప్రతినిధులకు, అధికారులకు ముఖాముఖిగా వివరించారు.

మన రాష్ట్రంలో డిగ్రీ మొదటి సంవత్సరం ముగించిన విద్యార్థులు వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, అంటే ఊళ్ళలో సర్వే చేసి అక్కడి సమస్యలను అధ్యయనం చేసే పని, చేయవలసి ఉంది. ఎండలో ఇల్లిల్లూ తిరిగి సేకరించిన ఆ వివరాలు వైవా (మౌఖిక పరీక్ష) పూర్తికాగానే కాలేజీ బీరువాలకు చేరుతున్నాయే తప్ప, అవి ఏ ఊరికి సంబంధించినవో ఆ ఊరి సర్పంచికి గాని, ఎంపీడీఓకు గాని అందడం లేదని సభ్యులుగా ఉన్న అధ్యాపకులు పలుమార్లు చెబుతూ వచ్చారు. అమెరికాలో కౌన్సిల్ ఆన్ అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ అనే సంస్థ 1997 నుంచి డిగ్రీ స్థాయి విద్యార్థులను వాషింగ్టన్‌కు రప్పించి, వారి పరిశోధనలను పోస్టర్ల రూపంలో చట్టసభ సభ్యుల ముందు ఉంచుతూ వచ్చింది. మనకు ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. అయితే విద్యార్థి పరిశోధనలకు ప్రభుత్వ నిధులు కొనసాగేలా చూడడం వారి ముఖ్యోద్దేశం కాగా, విద్యార్థులు గుర్తించిన సమస్యపై నిర్ణయం తీసుకోగలిగిన వారికి ఆ సంగతి నేరుగా తెలియజేయడం మన ఉద్దేశం.

నాయకులను పిలిస్తే అది ఏదో ఒక పార్టీ సభగా మారుతుందని కార్యవర్గంలో కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే దండలు, శాలువాలు, ఫొటోలతో ఫ్లెక్సీలు ఉండవని ఆహ్వాన పత్రంలోనే రాశాము. వేదిక వేయలేదు. హాలులో గోడల వెంట పోస్టర్లు పెట్టి, వచ్చినవారు ఒక్కొక్క పోస్టరు దగ్గరా నిలబడి మాట్లాడేలా ఏర్పాటు చేశాము. ఒకరిద్దరు ఫొటో దిగి అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయిన మాట వాస్తవమే గాని, ఉన్నవారు మాత్రం కుర్చీ అడగకుండా నిలబడే విన్నారు.

ఎక్కువ సేపు చర్చ జరిగింది కనిగిరి వైపు విద్యార్థినుల బృందం తాగునీటిపై చేసిన అధ్యయనం దగ్గరే. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (నీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బును) వైద్యపరంగా తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (నేటి ప్రకాశం) ఏర్పడేవరకు నెల్లూరులోనే ఉండేవి కాబట్టి, ఇది మన పడమటి మండలాలకు తాతల నాటి బాధ. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనిచోట 1.5 వరకు అనుమతించవచ్చని జాతీయ ప్రమాణం చెబుతోంది. శుద్ధి చేసిన ప్లాంటు నీళ్ళు వచ్చాక సమస్య తీరిందని చాలామంది అనుకుంటున్నారు. ఈ అమ్మాయిలు వంటిళ్ళలోకి వెళ్ళి చూస్తే, ఇరవై లీటర్ల టిన్ను తాగడానికి మాత్రమే వాడుతున్నారు. అన్నం, పప్పు, టీ అన్నీ బోరు నీళ్ళతోనే. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. ఈ మాట విన్నాక అక్కడున్న అధికారులు సైతం కొంతసేపు తమలో తాము చర్చించుకున్నారు.

పోస్టరు పక్కనే బల్ల మీద పరీక్ష కిట్టు పెట్టి, బోరు నీటిలో రసాయనం చుక్కలు వేసి, గులాబీ రంగు పసుపు వైపు తిరగడం ఎదురుగానే చూపించారు. ఒక జడ్పీటీసీ సభ్యుడు, "మా ఊరి బోరు సంగతేమిటమ్మా?" అని అడిగారు. "ఆ బోరు మేము పరీక్షించలేదండీ. మీరు చెబితే వచ్చి చేస్తాము" అని పోస్టరు దగ్గరున్న అమ్మాయి బదులిచ్చింది. మా దృష్టిలో ఆ రోజు అన్నిటికన్నా బాగా పనిచేసిన సమాధానం అదే. ఆయన అక్కడికక్కడే తన ఫోను నంబరు రాసిచ్చారు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజనీరు ఒకరు కిట్టు ఫలితాన్ని ప్రయోగశాలలో ధ్రువీకరించుకోవాలని సూచించగా, విద్యార్థినులు అప్పుడే పోస్టరు మీద ఆ మాట చేర్చారు.

మరో నాయకుడు వెలిగొండ నీళ్ళు వస్తే ఇవన్నీ ఉండవన్నారు. 1996లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టుకు సొరంగాల తవ్వకం పూర్తయినా అప్పటికి నీరు రాలేదన్నది అందరికీ తెలిసినదే. "అప్పటిదాకా బడి పిల్లల మధ్యాహ్న భోజనమైనా ప్లాంటు నీళ్ళతో వండించండి సార్" అని విద్యార్థినులు తమ ఒక్క పేజీ వినతిని ఆయన చేతికే ఇచ్చారు. కోరిక చిన్నది, ఎవరు చేయాలో స్పష్టంగా ఉన్నది. ఇటువంటి వినతికే కదలిక వస్తుందని మా అభిప్రాయం. దీనిని తర్వాత జిల్లా పరిషత్ సమావేశంలో ఒక సభ్యుడు ప్రస్తావించారు. లిఖితపూర్వక ఉత్తర్వు ఇంకా రాలేదు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పాలిషింగు యూనిట్లలో దుమ్ము, కార్మికుల ఊపిరితిత్తుల జబ్బులపై చేసిన అధ్యయనం విలువైనదే అయినా, యూనిట్లలోకి అనుమతి దొరకక విద్యార్థులు గేటు బయట కార్మికులతో మాట్లాడినంతవరకే పరిమితమైంది. పొగాకు బ్యారన్లలో (ఆకును వేడితో ఆరబెట్టే గదులలో) కట్టెల వాడకంపై వచ్చిన పోస్టరులో అంకెలు ఎక్కువ, అడిగినది తక్కువ. అది చూసిన శాసనసభ్యుడు ఒకరు, "ఇంతకీ నన్నేం చేయమంటారు?" అని అడిగితే పిల్లలు తడబడ్డారు. ఆ తడబాటుకు బాధ్యత వారిది కాదు, ముందుగా ఆ ప్రశ్న వేసి తర్ఫీదు ఇవ్వవలసినది పెద్దలే.

ఎన్నికల వేసవిలో సర్వే చేయడం వల్ల దాదాపు అన్ని బృందాలకూ ఊళ్ళలో ఎదురైన మొదటి ప్రశ్న "మీరు ఏ పార్టీ సర్వే?" అన్నదే. కొన్నిచోట్ల కాలేజీ గుర్తింపు కార్డు చూపినా తలుపు తీయలేదు. వచ్చే ఏడాది సర్పంచి లేదా పంచాయతీ కార్యదర్శి ముందుగా దండోరా వేయించేలా లేఖలు పంపాలని కార్యవర్గం తీర్మానించింది.

వచ్చే ఏడాది కార్యక్రమాన్ని డిసెంబరు నుంచి నవంబరుకు ముందుకు జరపాలని, ఆ తర్వాత కదలని వినతులను విద్యార్థులతోనే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీలుగా ఇప్పించాలని కూడా నిర్ణయించాము. పోస్టర్ల తయారీలో విద్యార్థులకు తోడ్పడగల విశ్రాంత ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు తమ పేర్లను జూన్ నెలాఖరులోగా కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాము. గ్రానైటు యూనిట్లలో పరిచయం ఉన్న సభ్యులు ఎవరైనా ఉంటే వారితో ముందుగా మాట్లాడవలసి ఉంది.