ఇల్లు ఖాళీ చేస్తే పెయింటింగ్ ఖర్చు టెనెంట్ మీద ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

పిల్లల బళ్ళు తెరిచేలోపు, ఆషాఢం రాకముందే ఇల్లు మారిపోవాలని జనం టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగే టైమ్ ఇది. కొత్తింట్లో పాలు ఎప్పుడు పొంగించాలి, సామాన్లకి ఏ బండి మాట్లాడాలి, గ్యాస్ కనెక్షన్ ఎలా మార్చుకోవాలి, అన్నీ ముందే అనుకుంటాం గానీ పాతింటి అడ్వాన్స్ ఎంత వెనక్కొస్తుంది, ఏమేం కట్ చేస్తారు అన్నది మాత్రం తాళాలు ఇచ్చే రోజు దాకా ఎవరూ నోరెత్తరు, తీరా ఆ రోజు ఎత్తితే గొడవే. దీని గురించి మీ పేపర్లో నాలుగు ముక్కలు రావాలని రాస్తున్నా.

మాది విజయవాడ. కింద మేం ఉంటాం, పైన పోర్షన్ అద్దెకిస్తాం. మా అమ్మాయి, అల్లుడు హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు అద్దెకుంటారు. అందుకని నాకు రెండు వైపులా తెలుసు, ఓనర్ మాటా వింటా, టెనెంట్ మాటా వింటా.

మా అమ్మాయి వాళ్ళు మూడేళ్ళున్న ఫ్లాట్ మొన్న ఖాళీ చేశారు. అద్దె 22 వేలు, రెండు నెలల అడ్వాన్స్ అంటే 44 వేలు ఓనర్ దగ్గరుంది. ఖాళీ చేసే ముందు నేనూ వెళ్ళి సాయం చేశా. వంటింట్లో చిమ్నీ జాలీలు తీసి వేడినీళ్ళలో సోడా వేసి నానబెట్టి తోమాం, పొయ్యి వెనక టైల్స్ మీద నూనె జిడ్డు పోయేదాకా రుద్దాం, అటక మీద ఒక్క అట్టపెట్టె కూడా మిగల్చకుండా దించేశాం, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ కట్టేసి రసీదులు పెట్టాం. ఓనర్ వచ్చి గదులన్నీ తిరిగి చూసి ఏమీ అనలేదు, మర్నాడు ఒక కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. పెయింటింగ్ 22,000, డీప్ క్లీనింగ్ 5,000, గీజర్ 3,500. పోగా చేతికొచ్చింది 13,500. ఒక్కదానికీ బిల్లు లేదు. అడిగితే "ఇక్కడ అందరూ ఇంతేనమ్మా, ఖాళీ చేస్తే ఒక నెల అద్దె పెయింటింగ్‌కి పోతుంది" అన్నారు. తర్వాత వాచ్‌మన్ చెప్పిన మాటేంటంటే మూడో రోజే కొత్తవాళ్ళు దిగిపోయారట, పెయింటరూ రాలేదు, క్లీనింగ్ వాళ్ళూ రాలేదు, గోడలు అవే గోడలు. ఆ కొత్తవాళ్ళు ఖాళీ చేసేటప్పుడు వాళ్ళ దగ్గరా ఇంకో నెల అద్దె కట్ అవుతుంది కదా, అంటే ఒకే గోడకి ఎన్నిసార్లు రంగు డబ్బులు వసూలు చేస్తారండీ?

ఇది ఒక్క ఓనర్ సంగతి కాదు, హైదరాబాద్‌లో ఎవరిని కదిపినా ఇదే చెప్తారు, ఇదేదో రూలు అన్నట్టు టెనెంట్లు కూడా అలవాటు పడిపోయారు. రూలు ఏముందో చూస్తే వేరేగా ఉంది. 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 108లో అద్దెకున్నవాళ్ళు ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పజెప్పాలి అని ఉంది, కానీ మామూలు వాడకంలో అరిగినదానికి, మన చేతిలో లేని ఉపద్రవం వల్ల పాడైనదానికి మినహాయింపు కూడా ఆ వాక్యంలోనే ఉంది. మూడేళ్ళు మనుషులు కాపురం ఉంటే సోఫా వెనక గోడ మాస్తుంది, స్విచ్ బోర్డు చుట్టూ వేళ్ళ మరకలు పడతాయి, ఎండ తగిలే వైపు రంగు వెలిసిపోతుంది, దేవుడి గూడు పైన దీపం పొగ నల్లగా పడుతుంది. వీటికే కదా నెలనెలా అద్దె కట్టేది. బస్సు దిగేటప్పుడు సీటు అరిగిందని టికెట్ మీద ఇంకో టికెట్ కొట్టినట్టుంది ఈ పెయింటింగ్ వసూలు.

అయితే ఒక మెలిక ఉంది, టెనెంట్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆ సెక్షన్ వర్తించేది అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతేనే. మనం ఏం చేస్తాం, 11 నెలల అగ్రిమెంట్ స్టాంపు పేపర్ మీద జిరాక్స్ షాపు వాడు పాత ఫార్మాట్‌లో పేర్లు మార్చి ఇస్తే చదవకుండా సంతకం పెట్టేస్తాం. అందులో ఎక్కడో కింద ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ నిమిత్తం మినహాయించబడును అని ఉంటుంది. అది ఉన్నాక ఎవరికి చెప్పుకున్నా బలం ఉండదు. దిగే ముందే ఆ లైన్ కొట్టేయించండి, ఓనర్ ఒప్పుకోకపోతే కనీసం నిజంగా పెయింటింగ్ చేయిస్తే, బిల్లు చూపిస్తే, అన్న మాటైనా రాయించండి. మా అమ్మాయి వాళ్ళ అగ్రిమెంట్‌లో అసలు ఆ లైనే లేదు, అయినా కట్ చేశారు, ఎందుకంటే డబ్బు వాళ్ళ దగ్గరుంది, జుట్టు వాళ్ళ చేతిలో ఉంది. పదిహేను ఇరవై వేల కోసం కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు, లీవు పెట్టుకుని తిరిగితే అంతకన్నా ఎక్కువ పోతుంది, ఆ సంగతి ఓనర్లకీ తెలుసు.

కేంద్ర కేబినెట్ 2021 జూన్ 2న మోడల్ టెనెన్సీ యాక్ట్ ఓకే చేసింది. అది మోడల్ మాత్రమే, రాష్ట్రాలు తీసుకుని చట్టం చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. అందులో నాకు నచ్చిందేంటంటే వెనక ఒక పట్టిక ఇచ్చి ఏ పని ఎవరిదో విడగొట్టేశారు. గోడలకి సున్నం, తలుపులు కిటికీలకి రంగు, పైపులు మార్చడం, వైరింగ్, ఇవి ఓనర్‌వి. కొళాయి వాషర్లు, డ్రైనేజీ క్లీనింగ్, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, దోమల మెష్, కిటికీ అద్దాలు, గీజర్ రిపేర్, ఇవి టెనెంట్‌వి. అగ్రిమెంట్‌లో వేరేగా అనుకుంటే తప్ప ఇదే లెక్క. ఇళ్ళకి అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదు, ఇల్లు అప్పజెప్పిన రోజే బాకీలు పోను మిగతాది ఇచ్చేయాలి అని కూడా ఉంది. ఈ పట్టిక ప్రకారం చూస్తే మా అమ్మాయి వాళ్ళ పెయింటింగ్ 22 వేలు ఓనర్ నెత్తినే పడాలి. గీజర్ మాత్రం టెనెంట్‌దే, సరే, ఒప్పుకుంటాం, కానీ రిపేర్ చేయించిన బిల్లు ఏది? ఆ గీజర్ వాళ్ళు దిగేటప్పటికే పాతది, అక్కడ బోరు నీళ్ళు ఉప్పుగా ఉంటాయి, కాయిల్ మీద తెల్లగా పొర కట్టేస్తుంది. పాతది పాడైతే టెనెంట్ డబ్బుతో కొత్తది పెట్టుకోవడం న్యాయం కాదు కదా, దానికి ఎంత ఆయుష్షు మిగిలిందో అంత వరకే అడగాలి.

ఇంక రెండో వైపు. మా పై పోర్షన్‌లో ఉండి వెళ్ళిన ఒక ఫ్యామిలీ సంగతి చెప్తా. సింక్ పైపు పూర్తిగా బిగుసుకుపోయింది, ప్లంబర్ విప్పితే టీ పొడి, అన్నం మెతుకులు, నూనె గడ్డ కట్టి రాయిలా వచ్చింది. హాల్లో టీవీ కోసం ఒకచోట డ్రిల్ చేసి, అక్కడ నచ్చక ఇంకోచోట చేసి, పీకేటప్పుడు గోడ పెచ్చులతో సహా పీకారు. పిల్లాడు బంతితో కొట్టిన కిటికీ అద్దానికి ప్లాస్టర్ అంటించి వదిలేశారు. అటక మీద విరిగిన సైకిలు, పాత పరుపు. అన్నిటికన్నా నాకు బాధేసింది బాత్రూమ్ చూసి. వెళ్ళే ముందు ఎవరో చెప్పారని యాసిడ్ బాటిల్ తెచ్చి నేలంతా పోసి కడిగారు, పాపం శుభ్రం చేద్దామనే, కానీ టైల్స్ మధ్య ఫిల్లింగ్ తినేసింది, కొళాయిల మెరుపు పోయి మచ్చలు పడ్డాయి, గుమ్మం దగ్గర మార్బుల్ పలక మీద చారలు పడి గరుకుగా అయిపోయింది. మార్బుల్ అంటే సున్నపురాయి జాతే, యాసిడ్ పడితే నురగ వచ్చి పైపొర కరిగిపోతుంది, ఇంక ఎంత తుడిచినా పోదు, పాలిష్ పట్టించాల్సిందే. ఉప్పు మరకలకి నిమ్మరసమో వెనిగరో కొళాయి మీద గుడ్డతో తడిపి కాసేపు ఉంచితే వదులుతాయి, అదీ మార్బుల్‌కి తగలనివ్వకూడదు. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిపి పోసేవాళ్ళు కూడా ఉన్నారు, దయచేసి అది ఎప్పుడూ చేయకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న బాత్రూమ్‌లో ప్రాణం మీదకొస్తుంది.

వాళ్ళ దగ్గర మేం ప్లంబర్ కూలి, అద్దం ఖరీదు, మార్బుల్ పాలిష్, డ్రిల్ చేసిన గోడకి లప్పం పెట్టించిన ఖర్చు తీసుకున్నాం, నాలుగింటికీ బిల్లులు వాట్సాప్‌లో పెట్టాం, వాళ్ళు ఒక్క మాట అనలేదు. మిగతా గదులకి రంగులు మా డబ్బుతోనే వేయించుకున్నాం, ఎలాగూ నాలుగైదేళ్ళకోసారి వేయించాల్సిందే, ఇల్లు మాది. బాత్రూమ్ గోడకి అవతల బెడ్‌రూమ్‌లో చెమ్మ వచ్చి రంగు బుడగలు లేచింది, అది వాళ్ళ తప్పు కాదు, లోపల పైపు లీకేజీ. చెమ్మ కూడా టెనెంట్ ఖాతాలో రాసే ఓనర్లు ఉన్నారు, నీళ్ళు ఎక్కువ వాడారంట! పగుళ్ళు, చెమ్మ, స్లాబు కారడం, ఇవి కట్టుబడిలో వచ్చే సమస్యలు, వాటిని కాపురం ఉన్నవాళ్ళకి అంటగట్టకూడదు.

ఇంగ్లండ్‌లో చదువుకోవడానికి వెళ్ళిన మన పిల్లల్ని అడిగితే అక్కడ ఎలా ఉంటుందో చెప్తారు. డిపాజిట్ ఓనర్ ఇష్టానికి ఉండదు, 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన స్కీమ్‌లో నమోదు చేయాలి, ఖాళీ చేశాక కటింగ్‌ల మీద ఇద్దరికీ కుదరకపోతే ఫోటోలు, కాగితాలు చూసి ఆ స్కీమ్ వాళ్ళే ఫ్రీగా తేలుస్తారు. 2019లో టెనెంట్ ఫీజుల చట్టం తెచ్చి, డబ్బిచ్చి క్లీనింగ్ కంపెనీతోనే చేయించాలి అని బలవంతం చేయకుండా ఆపేశారు, దిగినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా నువ్వే చేసి ఇచ్చినా చాలు. ఇలాంటిది మన దగ్గర రావాలంటే ఎవరి దగ్గరా లేనిది ఒకటుంది, దిగిన రోజు ఇల్లు ఎలా ఉందో చెప్పే రికార్డు. అది లేకే సగం గొడవలు. ఆ మేకు ముందు నుంచీ ఉందండీ అని వీళ్ళు, లేదు మీరే కొట్టారు అని వాళ్ళు.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోన్ ఉంది. తాళాలు తీసుకున్న రోజే, సామాను దించకముందే, గది గదికి తిరిగి వీడియో తీసి అప్పుడే ఓనర్‌కి వాట్సాప్‌లో పంపేయండి, తేదీ దానంతట అదే ఉంటుంది. కొళాయిలు తిప్పి చూపించండి, ఫ్లష్ కొట్టండి, గీజర్ ఆన్ చేయండి, కప్‌బోర్డు తలుపులు తెరిచి లోపల తీయండి, మీటర్ రీడింగ్ తీయండి. నెల ముందు ఖాళీ చేస్తున్నామని చెప్పినప్పుడే ఓనర్‌ని ఒకసారి రమ్మని, ఏమేం బాగుచేయాలో చెప్పండి అని అడిగితే మేకుల కన్నాలు, వదులైన తలుపు గొళ్ళెం లాంటివి మనమే సొంతంగా చేయించేసుకోవచ్చు, తక్కువలో పోతుంది. ఓనర్లు కూడా సామాను ఉండగానే వచ్చి చూస్తే మంచిది, తాళాలు తీసుకున్నాక కాగితం పంపడం మర్యాద కాదు.

ఎడిటర్ గారూ, మీకు నా విన్నపం ఒకటే. ఇల్లు అప్పగించేటప్పుడు రెండు వైపులా సంతకాలు పెట్టుకునే ఒక పేజీ నమూనా కాగితం మీ పేపర్లో కత్తిరించుకునేలా అచ్చు వేయించండి. గదుల వారీగా గోడలు, తలుపులు, స్విచ్చులు, కొళాయిలు, ఆఖరిసారి రంగు ఎప్పుడు వేయించారు, గీజర్, ఫ్యాన్లు ఎంత పాతవి, తాళం చెవులు ఎన్ని, ఇవి ఉంటే చాలు, కింద బిల్లు లేనిదే అడ్వాన్స్‌లోంచి కట్ చేయరాదు అన్న లైన్ ఒకటి. ఆషాఢం లోపు ఒక ఆదివారం వస్తే మా వీధిలో టులెట్ బోర్డులున్న ఇళ్ళకి నేనే జిరాక్స్ తీసి పంచుతాను, మా పై పోర్షన్‌లో దిగేవాళ్ళతో మొదటి సంతకం నేనే పెడతా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయవాడ