మన పోరుమామిళ్ల చెరువు శాసనం మనకు తెలుగులో చదువుకునేట్టు పెట్టండి

సంపాదకుల గారికి నమస్కారం.

మాది పోరుమామిళ్ల, ఇప్పుడు కడపలో జిరాక్సు, ఫ్లెక్సీల షాపు పెట్టుకోని ఉన్నా. మా ఊరి చెరువు కాడుండే పాత శాసనం గురించే ఈ ఉత్తరం, కానీ ముందు ఒక ప్రయాణం సంగతి చెప్పాల. పోయిన నెల మా బామ్మర్ది వాళ్లతో కలిసి చెన్నై నుంచి శ్రీలంక పోయొచ్చినాం. అందరూ చూసేవి చూసినాక ఒక పూట మిగిలితే మా డ్రైవరు కలావెవ అనే చోటికి తీసకపోయినాడు, వెవ అంటే వాళ్ల భాషలో చెరువంట. చెరువు చూసేదానికి ఇంత దూరం రావల్నా మనకు లేవా అని మా బామ్మర్ది ఏసీ వేసుకోని కార్లోనే కూచున్నాడు, నేను మాత్రం కట్టెక్కినా.

ఆ చెరువు 5వ శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కట్టించింది. ఆయన కొడుకే సిగిరియా కొండ మీద కోట కట్టిన కశ్యపుడు, తండ్రిని జైల్లో పెట్టి దాచిన సొమ్మంతా యాడుందో చూపించమంటే ముసలాయన ఈ చెరువు కాడికి తెచ్చి, నీళ్లలో దిగి స్నానం చేసి, దోసిట్లో నీళ్లెత్తి నా ఆస్తంతా ఇదే నాయనా అన్నాడంట, దానికి కొడుకు తండ్రిని చంపించినాడు. ఇదంతా మా డ్రైవరు చెప్పిందే, అతను తమిళాయన, నాకొచ్చిన అరకొర తమిళంతో అర్థం చేసుకున్నా. తూము కాడ నీళ్ల జోరును అదుపు చేసే రాతి గది చూపించి దీన్ని బిసోకొటువ అంటారని, ఇక్కడి నుంచి 87 కిలోమీటర్ల కాలవ అనురాధపురంలోని తిస్సవెవకు పోతుందని, మొదట్లో కొంత దూరం వాలు మైలుకు 6 అంగుళాలేనని చెప్తాంటే నాకు నోట మాట రాలా. మా ఇంటి మిద్దె మీద వాన నీళ్లు పైపు దిక్కు పోయేట్టు వాలు పెట్టేదానికి మేస్త్రీ మూడు సార్లు పగలగొట్టినాడు మరి.

ఆ పక్కనే అవుకన అని నిలబడిన బుద్ధుడు, దగ్గర దగ్గర 40 అడుగులు, ఒకటే బండలో చెక్కింది, వీపు దగ్గర సన్నగా కొండకు అతుక్కోని ఉంటాడు. గాలి లేనప్పుడు వాన చుక్క ముక్కు కొసన పడితే నేరుగా రెండు పాదాల మధ్యలో పడతాదని చెప్పుకుంటారంట. తెల్లచీర కట్టుకున్న అవ్వ ఒకామె కాడలు తుంచేసిన తామరపూలు ఒక్కొక్కటే పైకి చూసేట్టు వరసగా పేర్చి, వాటి మీద నీళ్లు చిలకరించి, చేతులు జోడించి అట్టే చానా సేపు నిలబడింది. నాకు ఆ బుద్ధుడి కన్నా ఆ పూలే ఎక్కువ గుర్తున్నాయి.

సరే ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, వచ్చినాక వారానికే ఊర్లో ఫంక్షన్ ఉండి పోరుమామిళ్ల పోయినా. సాయంత్రం మా అక్క మనవడు, ఇంటర్ చదివేవాడు, వాణ్ణి వెంటేసుకోని చెరువు కాడ శాసనం రాళ్లకు పోతే, తాతా ఇందులో ఏం రాసుంది అన్నాడు. నేను పుట్టింది ఆ ఊర్లో, మా నాయనకు ఆయకట్టు కింద ఎకరన్నర ఉండేది, చెరువు నిండి మరవ (అలుగు) పారితే పండగ, తూము కాడ పొలాలకు నీళ్లు వదిలే నీరుగంటితో కొట్లాటలు, అన్నీ చెప్పగలను కానీ రాయి మీద ఏముందో మాత్రం చెప్పలేకపోయినా. తెలుగులో చెప్పే బోర్డు ఏమన్నా ఉందేమోనని చుట్టూ తిరిగి చూసినా, ఉంటే నా కంట పడలా. లంకలో ఒక డ్రైవరు వాళ్ల చెరువు కథ నాకు చెప్పగలిగినాడు.

కడపకొచ్చి తెలిసిన సంస్కృతం లెక్చరర్ దగ్గర కూచుంటే ఆయన విడమర్చి చెప్పినాడు. శాసనం చానా వరకు సంస్కృతంలోనే ఉంది, 1369 నాటిది, చెరువు కట్టించింది బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు, దానికి పెట్టిన పేరు అనంతరాజ సాగరం. రెండేండ్లు రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేసినాయంట. అన్నిటికన్నా ముఖ్యమైంది, చెరువు కట్టాలంటే ఉండాల్సినవి 12, ఉండకూడని దోషాలు 6 అని లెక్కగా చెక్కి పెట్టినారు. ధర్మం తెలిసి డబ్బున్న రాజు, నీటి శాస్త్రం చదివిన పండితుడు, గట్టి బంకమన్ను నేల, మంచినీళ్ల ఏరు, దగ్గర్లోనే రాయి తీసే చోటు, పని తెలిసిన మనుషులు, ఇట్లా. దోషాల్లో కట్ట నుంచి నీళ్లు ఊరడం ఒకటి, చవుడు నేల ఇంకొకటి, చెరువు రెండు రాజ్యాల హద్దులో ఉండడం కూడా దోషమేనంట, అది విన్నప్పుడు లెక్చరర్ గారు, నేను ఇద్దరం నవ్వినాం, ఈ కాలంలో నీళ్ల పంచాయితీలు చూసేవాళ్లకు దాన్ని వివరించాల్సిన పని లేదు.

ఆయనే ఇంకో మాట చెప్పినాడు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి కదా, వాటిలో మనుషులకూ పశువులకూ వైద్యం పెట్టించినానని, దారెంబడి బావులు తవ్వించి చెట్లు నాటించినానని ఉందంట, ఆ మంచి పనులు ఎంతవరకు అంటే తామ్రపర్ణి దాకా అని ఉందంట. తామ్రపర్ణి అంటే లంకే. నేను విమానం టికెట్లు కొనుక్కోని పోయిన ఊరి పేరు మన కర్నూలు బండ మీద రెండు వేల ఏండ్లకు ముందే చెక్కి ఉంది! తొలకరి పడితే ఆ చుట్టుపక్కల జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరేదానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి మకాం వేస్తారు, వాళ్లలో ఆ బండ దాకా పోయి చూసేవాళ్లు ఎంతమందో. మన నందలూరు దగ్గర ఆడపూరు గుట్ట మీద బౌద్ధ స్తూపాల ఆనవాళ్లున్నాయన్నా అంతే, నందలూరు గుడికి పోయినోళ్లు అటు తిరిగి చూడరు.

కోట్లు పెట్టి బోటింగు, పార్కు, ఐ లవ్ బోర్డు పెట్టమని నేను అడగట్లేదు. పోరుమామిళ్ల శాసనం మీద ఉన్న ఆ 12, ఆ 6, మామూలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఆ రాళ్లకు తగలకుండా కాస్త దూరంలో ఒక బోర్డు, దాని చుట్టూ కంపచెట్లు కొట్టిన పది అడుగుల దారి, అంతే. లెక్చరర్ గారు తెలుగు చేసిచ్చిన కాగితం నా దగ్గరుంది, డిజైన్ కూడా చేసి పెట్టినా. ఎండకు ఫ్లెక్సీ ఆరు నెలలు కూడా నిలబడదని నాకన్నా తెలిసినోళ్లు ఎవరు, అందుకే రేకు మీద పెయింటుతో రాయించే ఖర్చు కూడా నేనే పెట్టుకుంటా. పర్మిషన్ కోసం రెండు ఆఫీసులకు తిరిగినా, ఇది మాది కాదు అంటే మాది కాదు అన్నారు. ఎవరిదో మీ పత్రిక ద్వారా తెలిస్తే బోర్డు తీసుకోని నేరుగా అక్కడికే పోతా.

ఇట్లు
ఒక పాఠకుడు, కడప