చేపల జాడ చెబుతున్నారు, తీరం జాడ కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

తుపాను పట్టినప్పుడల్లా కాకినాడ దగ్గరి మా ఉప్పాడ బీచ్ రోడ్డు కోసుకుపోవడం, ఆనక కోతకు అడ్డంగా వేయడానికి లారీల్లో రాళ్లు దిగడం, మర్నాడు పత్రికల్లో ఫొటో పడటం మాకు సంక్రాంతి అంత మామూలైపోయింది. రాళ్లు వేయొద్దని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ రాళ్లు ఏ లెక్క చూసి వేస్తున్నారో మాక్కూడా చూపించమని రాస్తున్నాను.

లెక్కలు లేవా అంటే ఉన్నాయి. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు చూసి దేశ తీరం మొత్తానికీ 526 పటాలు గీసింది. ఆంధ్ర తీరంలో 28.7 శాతం కోతకు గురవుతోందనీ, దాదాపు సగం మేట వేస్తోందనీ అందులో తేలింది. రాష్ట్రం మొత్తం మీద చూస్తే లాభమే అనిపిస్తుంది. ఎక్కడో మేట వేసిన ఇసుక మా సుబ్బంపేటలో కూలిన ఇంటికి పునాది అవుతుందా? మాకు కావలసింది రాష్ట్రం సగటు కాదు, మా పేట లెక్క. ఆ పటాల్లో మా ఊరు ఎక్కడుందో పట్టుకోవడానికి ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకే ఒక పూట పట్టింది. అంతా ఇంగ్లిషు, అక్షాంశాలు, రంగు గీతలు. తెల్లారకముందే పడవ తోసేవాడు వాటినేం చేసుకుంటాడు?

తెలుగులో చెప్పడం కుదరదంటే నమ్మను. సముద్రం ఊసే లేని హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ సముద్రపు వేడినీ, నీటి రంగునూ ఉపగ్రహం నుంచి చూసి చేపలు ఎటు దొరకొచ్చో రేవుల దాకా తెలుగులోనే చేరవేస్తోంది. అలల ఎత్తు కూడా ముందే చెబుతోంది. శాస్త్రం అనే మాటంటే గిట్టని మా పేట పెద్దలు సైతం ఆ కబురు విన్నాకే డీజిలు పోయిస్తారు. చేపల జాడ చెప్పడానికి దొరికిన తెలుగు నేల కోత చెప్పడానికి దొరకదా?

మా తీరాన ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక నైరుతి నుంచి ఈశాన్యం వైపు కదులుతుంది. గోదావరి తెచ్చే ఒండ్రు ఎగువ జలాశయాల్లో ఆగిపోతే తీరానికి చేరే ఇసుక తగ్గుతుంది. కాకినాడ వైపు ఏం కట్టినా, ఎంత తవ్వినా, కాకినాడ ఎదుట సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఎంత పెరిగినా ఆ ప్రభావం ఇటు పడుతుంది. మేం ఇక్కడ గోడ కడితే మా ఉత్తరాన ఉన్న పేటకు ఇసుక అందదు. గతంలో వేసిన జియోట్యూబు గోడ, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల గోడ, తుపాన్లకు దెబ్బతింది. అది ఎందుకు నిలవలేదో, ఇసుక ఎటు పోయిందో గ్రామసభలో చెప్పినవాళ్లు నాకు తెలిసి లేరు. ఓ కార్యాలయానికి వెళ్లి అడిగితే, వెబ్‌సైట్‌లో చూసుకోండి మాస్టారూ అన్నారు. అంతే.

నేను కోరేది పెద్ద ఖర్చు పనేం కాదు. ఏటా ఈశాన్య రుతుపవనాలు వెళ్లాక తీరపు గీత ఎంత జరిగిందో కరెంటు స్తంభాల నంబర్లతో, సర్వే నంబర్లతో తెలుగులో గీసి గ్రామ సచివాలయంలో అంటించాలి. గోడకు టెండరు పిలిచే ముందే అలల, ఇసుక అధ్యయనాన్నీ, రేవు తవ్వకాల్లో తీసిన ఇసుక లెక్కనూ బయటపెట్టాలి. సర్కారు చెప్పడం, మేం వినడం ఒక్కటే సరిపోదు. ఏ గుడి ఎక్కడుండేదో, ఏ బావి ఏ తుపానుకు పోయిందో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర లోతు ఏ నెలలో మారుతుందో పేటల్లో ముసలివాళ్లకు కంఠస్థం. వాళ్లు కన్నుమూస్తే ఆ రికార్డు ఏ ఉపగ్రహానికీ దొరకదు. ఆస్ట్రేలియాలో 2017లో కోస్ట్‌స్నాప్ అని మొదలుపెట్టారు. ఒడ్డున ఒక స్టాండు పాతుతారు, వచ్చినవాళ్లు తమ ఫోన్ అందులో పెట్టి ఒకే కోణంలో ఫొటో తీసి పంపుతారు, వాటితో తీరం కదలికను లెక్కగడతారు. మా హైస్కూలు పిల్లలకు అప్పగిస్తే ఆ పని సెలవుల్లో కూడా ఆగదు.

నేను చేతనైనంత చేశాను. పదవీ విరమణ చేసిన నాటి నుంచి ప్రతి అమావాస్యకూ ఒకే స్తంభం దగ్గర నిలబడి, పోటు గీత దాకా అడుగులు లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తున్నాను. మధ్యలో ఆ స్తంభమే సముద్రంలో కలిసిపోతే రోడ్డుకు ఇవతలి స్తంభానికి మారాను. పుస్తకం ఎవరికి అందజేయాలో చెబితే తెచ్చిస్తాను.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, యు.కొత్తపల్లి మండలం, కాకినాడ జిల్లా