హైమన్‌డార్ఫ్ ఫొటోలు సరిహద్దు ఇవతలి గూడేలకూ రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా జనవరి 11 వచ్చిందంటే మీ ఆదిలాబాద్ ఎడిషన్లో మార్లవాయి అనే గోండు గూడెం వార్త ఉంటుంది. గోండుల మధ్య ఉండి పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్‌ల సమాధుల దగ్గర పూలదండలు, అధికారుల ప్రసంగాలు. సరిహద్దు ఇవతల, మహారాష్ట్రలోని కిన్వట్‌లో తెలుగు మాట్లాడే మాలాంటి కుటుంబాలకు ఆదిలాబాద్ పక్కూరి లెక్క. అందుకే ఆ వార్త ఇష్టంగా చదువుతాం. కానీ ఆయన పనిచేసిన ప్రాంతంలో కొంత భాగం ఇప్పుడు మహారాష్ట్రలో ఉందన్న సంగతి అటు ప్రసంగాల్లోనూ ఇటు వార్తల్లోనూ నాకు కనపడలేదు.

1948లో అచ్చయిన ఆయన పుస్తకం పేరు ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’. అప్పటి ఆదిలాబాద్ అంటే కిన్వట్, రాజురా తాలూకాలు కూడా. 1956లో రాష్ట్రాలను విడదీసినప్పుడు ఆ రెండు తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. గోండులను, కోలాములను ఎటుంటారని అడిగినవారు లేరు. అన్నదమ్ముల కుటుంబాలు చెరో రాష్ట్రంలో పడ్డాయి.

ఆ మనిషి ఇక్కడికి వచ్చిన తీరు విచిత్రమైనది. 1909లో వియన్నాలో పుట్టారు. ఆస్ట్రియాను 1938లో జర్మనీ కలిపేసుకోవడంతో, యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ రాజ్యం దాటకూడదన్న ఆంక్ష పడింది. ఆ కట్టడిలోనే నల్లమల చెంచుల మధ్య, గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి, తర్వాత గోండుల దగ్గరకు వచ్చారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపిన మంట ఇంకా చల్లారని రోజులవి. నిజాం సర్కారు అండతో వచ్చినా, ఆదివాసులు తిరగబడ్డది భూమి, అడవి చేజారినందుకేనని ఆ సర్కారుకే చెప్పారు. పట్టాలు ఇప్పించడానికి పాటుపడ్డారు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించారు.

అక్కడ గోండీ వాచకాలు తయారైంది దేవనాగరి లిపిలో. ఈ విషయం దగ్గర నా మనసు ఎప్పుడూ ఆగిపోతుంది. జిల్లా పరిషత్ స్కూల్లో చిన్న క్లాసులకు చెప్పినవాణ్ణి. ఇంట్లో గోండీ మాట్లాడే పిల్ల బడికొచ్చి మొదటి నెలంతా నోరు విప్పకుండా కూర్చోవడం నాకు బాగా తెలుసు. ఇప్పుడు ఇక్కడి పిల్లలకు మరాఠీ బడి, అక్కడి వాళ్ల మేనత్త పిల్లలకు తెలుగు బడి. పెళ్లిళ్లలో కలిసి గోండీలో గలగలా మాట్లాడుకుంటారు, ఒకరి రాత ఒకరు చదవలేరు. మరాఠీ రాసేదీ దేవనాగరిలోనే కాబట్టి, ఆనాటి వాచకాలను మా వైపు పిల్లల ముందు పెడితే ఇవాళ కూడా కూడబలుక్కుని చదివేస్తారు. ఆ ఆలోచన మన రెండు ప్రభుత్వాల్లో ఎవరికీ రాకపోవడం బాధగా ఉంది.

ఇక ఫొటోల సంగతి. ఆయన తీసిన ఫొటోలు వేల సంఖ్యలో లండన్‌లోని సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. తర్వాతి కాలంలో ఆయన ప్రొఫెసర్‌గా పనిచేసింది అక్కడే. చాలావరకు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. కిందటి దీపావళికి గోండుల పండుగ నృత్యం దండారీ ఆడుతున్న ఒక గూడెంలో పాత దండారీ ఫొటో ఒకటి ఫోన్‌లో చూపించాను. ఒక అవ్వకు కనపడకపోతే మనవడు వేళ్లతో పెద్దది చేశాడు. పెప్రె అనే వాద్యం ఊదుతున్న ప్రధాన్‌ను, అంటే గోండుల కథలు పాడేవాణ్ణి, చూసి ఆమె మావాడే అంది. పక్కనున్న ముసలాయన కాదు, ఆ తలపాగా చుట్టు జివతి వైపుదన్నాడు. ఇంకొకాయన డోలు కట్టిన తీరు చూపించి ఇద్దరితోనూ వాదం పెట్టుకున్నాడు. పొద్దు వాలేదాకా తేలలేదు. చివరికి అవ్వ నన్నే అడిగింది: “పేరు రాసి లేదా గురూజీ? కాగితం మీద ఒకటి తెచ్చియ్యి, మా చెల్లెకు చూపిస్త.” పేరు రాసి లేదు. ఆ రోజుల్లో అయిదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకే ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ ముఖాలను పోల్చగలిగిన కళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి.

తాగునీళ్లు, రోడ్లు లేనిచోట పాత ఫొటోలెందుకని కొందరు మిత్రులే అంటారు. నేను ఒప్పుకోను. 2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో పెద్దల వాంగ్మూలాన్ని, పేరున్న సంస్థల పరిశోధన పత్రాలను కూడా సాక్ష్యంగా చూపొచ్చని ఉంది. కాగితం లేదన్న మాటతో క్లెయిము వెనక్కి వచ్చినప్పుడు, ఈ ఊరు ఇక్కడే ఉందని చెప్పే 1940ల నాటి ఫొటో, అందులోని మనిషిని మా తాత అని గుర్తుపట్టే వారసుడు గ్రామసభకు ఎంతో కొంత బలమవుతారు.

ఒక మాస్టారు ఉత్తరం రాస్తే సోయాస్ కదలకపోవచ్చు, ప్రభుత్వాలు అడగాలి. ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కిన్వట్‌లోని ఆదివాసీ ప్రాజెక్టు ఆఫీసు కలిసి ఆ ఫొటోలను, దొరికితే గోండీ వాచకాలను కూడా తెప్పించాలి. కేస్లాపూర్ నాగోబా జాతరకు మా వైపు నుంచి కూడా గోండుల్లోని మెస్రం వంశీకులు వస్తారు. ఆదివాసుల గోడు అధికారులు వినేందుకు 1940ల్లో హైమన్‌డార్ఫ్ మొదలుపెట్టించిన దర్బార్ ఇప్పటికీ జరిగేది అక్కడే. ఫొటోలను మనిషంత సైజులో ప్రింటు తీసి జాతర రోజుల్లో అక్కడ నిలబెట్టాలి. గోండీ, కోలామీ వచ్చిన కుర్రవాళ్లను పక్కన కూర్చోబెట్టి పెద్దలు చెప్పిన పేర్లు, ఊళ్లు రాయించాలి. ఒక సెట్టు కిన్వట్‌లో, ఒకటి రాజురాలో ఉండాలి. ఖర్చు పెద్దదేం కాదు. జాతర పుష్యమాసంలో కాబట్టి అనుమతులకు ఇప్పుడే రాయాలి.

మీరు ఈ లేఖ వేసి, రెండు ఆఫీసుల అధికారులనూ మీ విలేకరి ద్వారా అడిగించి, వాళ్లు చెప్పిన జవాబు కూడా అచ్చు వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు,
కిన్వట్, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర