కొలంబస్ పోయే అమ్మానాన్నలకు ఒక మాట

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఏమేం చూడాలో వేశారు. న్యూయార్క్, నయాగరా, లాస్‌వేగాస్. మధ్యలో ఉన్న రాష్ట్రాల్లో మక్క చేన్లు తప్ప ఏమీ లేవని కూడా ఒక మాట అనేశారు, ఆ మాటకే ఈ ఉత్తరం. మావాడు ఉండేది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. నేనూ మా ఆవిడా 5 నెలలు అక్కడే ఉండి మొన్ననే హనుమకొండ వచ్చాం. మక్క చేన్లు ఉన్నమాట నిజమే.

నయాగరా మేమూ చూశాం. కారులో పోను దాదాపు ఆరు గంటలు, రాను మళ్లీ అంతే, మధ్యలో హోటల్ ఖర్చు. నీళ్లు గొప్పవే, కాదనను, కానీ ఇంటికొచ్చాక మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో నాలుగు రోజులు మంచం దిగలేదు. అప్పుడు మా కోడలే ఒక పద్ధతి పెట్టింది. శనివారం పొద్దున సద్ది కట్టుకొని బయల్దేరాలి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాలి, అంతకన్నా దూరమైతే వద్దు. అక్కణ్ణుంచి మాకు అమెరికా బాగనిపించడం మొదలైంది.

ముందు హాకింగ్ హిల్స్ అనే గుట్టల పార్కుకు పోయాం, గంటకు కొంచెం ఎక్కువ పట్టింది. అక్కడ యాష్ కేవ్ అని ఉంది. గుహ అన్నారు గానీ చీకటి గుహ కాదు, 90 అడుగుల ఎత్తున పెద్ద రాతి చూరు, అర్ధచంద్రాకారంలో 700 అడుగుల దాకా సాగి ఉంటుంది, కింద మెత్తటి ఇసుక. దారి చదునుగా ఉంది, వీల్‌చైర్ కూడా పోతుంది. దగ్గర్లోనే ఉన్న ఓల్డ్ మ్యాన్స్ కేవ్ మాత్రం అన్నీ మెట్లే, మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కింద దిగే ఆలోచన పెట్టుకోవద్దు. టికెట్ లేదు, పార్కింగ్‌కూ పైసలు అడగలేదు. ఫోన్ సిగ్నల్ మాత్రం చాలాచోట్ల దొరకదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకొమ్మని కోడలు చెప్పింది, మావాడు వినలేదు, ఆ గుట్టల్లో ముప్పావుగంట తిరిగిందే తిరిగాం. సర్వపిండి అంతా అక్కడే అయిపోయింది.

డేటన్ పోతే పిల్లలకు సంతోషం. అది రైట్ సోదరుల ఊరు. 1903లో వాళ్లు మొదట ఎగిరింది నార్త్ కరోలినాలోనే అయినా, విమానాన్ని గాలిలో మలుపు తిప్పడం బాగా నేర్చుకున్నది ఈ ఊరి పక్కన ఉన్న పశువుల మేత బీడులోనట. అక్కడి ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి కూడా టికెట్ లేదు. నాగసాకి మీద బాంబు వేసిన విమానం అందులోనే ఉంది. మనవరాలు దాని ముందు ఫొటో దిగుతానంది, నాకెందుకో మనసొప్పలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఒహాయోలోనే ఉన్న నూవర్క్ అనే ఊరు. కొలంబస్‌కు గంట కూడా పట్టదు. 2 వేల ఏళ్ల కింద అక్కడి ఆదివాసులు తట్టలతో మట్టి మోసి కట్టిన పెద్ద వలయం ఉంది, అడ్డంగా కొలిస్తే 1200 అడుగులు. మా ఆవిడ చుట్టూ చూసి, "ఇది మన ఖిలా వరంగల్ మట్టికోటే గదా, దీనికి ఇంత దూరం రావాల్నా" అంది. నవ్వాం గానీ ఆ మాట తీసేసేది కాదు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వస్తే దీనికి 2023లో వచ్చింది. దగ్గర్లోనే ఎనిమిది మూలల కట్ట ఇంకోటి ఉంది. చంద్రుడు దాదాపు 18 ఏళ్ల ఏడు నెలలకోసారి బాగా ఉత్తరం వైపు జరిగి ఉదయిస్తాడట, ఆ దిక్కు చూసి కట్టారు. అంతటి చోట వందేళ్లకు పైగా గోల్ఫ్ ఆడారు సార్! కోర్టుకెక్కి, లీజు విడిపించి, 2025 జనవరి నుంచి జనానికి పూర్తిగా తెరిచారు. కట్టడాల విలువ తెలియనిది మనకొక్కరికే అనుకునేవాణ్ణి.

హోమ్స్ కౌంటీలో ఆమిష్ వాళ్ల ఊళ్లు కూడా చూశాం. వాళ్లు పాతకాలపు పద్ధతుల్లోనే బతికే క్రైస్తవులు. ఇప్పటికీ గుర్రబ్బండ్ల మీదే తిరుగుతారు, ఇంటికి కరెంటు లైను పెట్టించుకోరు. ముఖాలు ఫొటో తీస్తే వాళ్లకు నచ్చదు, తీయకండి. రోడ్డు పక్కన ఆ బండి చప్పుడు వినగానే చిన్నప్పుడు మా నాయన ఎడ్లబండి కట్టి మేడారం తీసుకుపోయింది గుర్తొచ్చి, మావాడికి దారి పొడుగునా అదే చెప్పుకుంటూ పోయాను. వాడికి అది కొత్త.

సంక్రాంతికి వాళ్లు వస్తున్నారు. మట్టికోట చూపిస్తానని మా ఆవిడ మనవరాలికి అప్పుడే మాట ఇచ్చింది. రామప్ప, లక్నవరం ఒక రోజు, పాకాల ఇంకో రోజు అనుకుంటున్నాం. మీరు ఈసారి మన దిక్కు గురించి అట్లాంటి వ్యాసం వేస్తే చరిత్ర కాస్త తగ్గించినా ఫర్వాలేదు, హనుమకొండ నుంచి ఎంతసేపు పడుతుంది, ఎక్కడ మెట్లున్నాయి, ఎక్కడ శుభ్రమైన బాత్‌రూమ్ ఉంది, తిరుగు బస్సు ఆఖరిది ఎన్నింటికి, ఇవి తప్పకుండా రాయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, రిటైర్డ్ ఉద్యోగి, హనుమకొండ